ఒకే తరగతి, వేర్వేరు మెట్లు: ప్రాథమిక భాషాబోధనకు ఏ సిద్ధాంతం అండ?

ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి చదివే పిల్లల్లో రెండో తరగతి స్థాయి కథను చదవగలిగినవారు దేశవ్యాప్తంగా 23.4 శాతం. 2024 అసర్ గ్రామీణ సర్వే తేల్చిన లెక్క ఇది. ఈ అంకె చూసి పత్రికలు చదువులు దిగజారాయని రాస్తాయి. 2022లో 16.3 శాతమే ఉండేదని, ఇప్పుడు పెరిగిందని ప్రభుత్వాలు చెప్పుకుంటాయి. పాఠం చెప్పేవారి వైపు నుంచి చూస్తే ఇందులో మరో సంగతి ఉంది. మిగిలిన ముప్పాతిక మంది ఒకే చోట ఆగిపోలేదు. కొందరు చిన్న పేరా దాకా వచ్చి ఆగారు, కొందరు పదాల దగ్గర, కొందరు అక్షరాల దగ్గర ఉన్నారు, ఇంకొందరు అక్కడికీ చేరలేదు. వీళ్లంతా కూర్చునేది ఒకే గదిలో, తెరిచేది ఒకే వాచకం, వినేది ఒకే పాఠం. ఆ గదికి ఒక్క పాఠం చాలదని కొత్తగా నిరూపించనక్కర్లేదు. తేల్చుకోవాల్సింది వేరే ఉంది: పిల్లల మధ్య ఉన్న ఇన్ని తేడాల్లో దేన్ని పట్టుకుని పాఠం మార్చాలి? టీచరు చేతిలో ఉన్న గంటలు కొన్నే కాబట్టి అన్ని తేడాలకూ లొంగడం కుదరదు. ఏది ముఖ్యమో, ఏది పక్కన పెట్టదగిందో చెప్పడానికే అభ్యసన సిద్ధాంతాలు పనికిరావాలి.

డిఫరెన్షియేటెడ్ ఇన్‌స్ట్రక్షన్ అన్న మాట ఇంతగా వ్యాపించడానికి ప్రధాన కారకురాలు వర్జీనియా విశ్వవిద్యాలయ ఆచార్యురాలు కరోల్ ఆన్ టామ్లిన్‌సన్. చెప్పే విషయాన్ని, చెప్పే తీరును, పిల్లలు చేసి చూపించే పనిని మార్చుకోవడానికి ఆమె మూడు ఆధారాలు చూపించారు: పిల్లల సంసిద్ధత, ఆసక్తి, నేర్చుకునే తీరు. మన దగ్గరికి ఈ మాట శిక్షణ మాడ్యూళ్ల దారిన వచ్చింది. వెంట పియాజే, వైగాట్‌స్కీ, బ్రూనర్, బ్లూమ్, గార్డ్‌నర్ పేర్లు ఒకే వరుసలో వచ్చాయి. టెట్‌లో, డీఎస్సీలో సిద్ధాంతాన్ని సిద్ధాంతకర్తతో జతపరిచే బిట్లకు ఆ వరుస చాలు. తరగతి గదిలోకి వచ్చేసరికి చాలదు, ఎందుకంటే వీరంతా ఒకే మాట చెప్పినవారు కాదు, వీరి మాటలకున్న రుజువులూ సమానం కాదు. వరుసలో అన్నిటికంటే జనాదరణ పొందినవాటికే రుజువు తక్కువ. పిల్లవాడు ఏ రకం వాడన్న ప్రశ్నకు భాషా తరగతిలో పెద్దగా ఫలితం లేదు. చదవడంలో ఇప్పుడు ఏ మెట్టు మీద ఉన్నాడు, ఇంటి నుంచి ఏ భాష తెచ్చుకున్నాడు అన్న రెండు ప్రశ్నలకే సిద్ధాంతమూ సాక్ష్యమూ రెండూ అండగా ఉన్నాయి.

ముందుగా అండ లేనిది చూద్దాం. కొందరు పిల్లలు చూసి నేర్చుకుంటారు, కొందరు విని, కొందరు చేసి నేర్చుకుంటారు కాబట్టి ఎవరి శైలికి తగ్గట్టు వారికి చెప్పాలన్నది శిక్షణ తరగతుల్లో అందరికీ నచ్చే మాట. ఇది నిజమైతే ఒక పరీక్షకు నిలబడాలి: చూసి నేర్చుకునేవాడికి చూపిస్తే, విని నేర్చుకునేవాడికి వినిపిస్తే ఇద్దరికీ మేలు జరగాలి, పద్ధతులు తారుమారు చేస్తే ఇద్దరికీ నష్టం రావాలి. 2008లో హెరాల్డ్ పాష్లర్, మరో ముగ్గురు మనోవిజ్ఞానవేత్తలు అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ ఈ దృష్టితో తిరగేసి, ఈ పద్ధతిని బడుల్లో వాడటానికి తగిన ఆధారం లేదని తేల్చారు. హొవార్డ్ గార్డ్‌నర్ 1983లో ప్రతిపాదించిన బహుళ ప్రజ్ఞల సిద్ధాంతం వేరు. ఆయన చెప్పింది మేధ ఒకే కొలతకు అందదని. దాన్ని శైలుల సిద్ధాంతంతో కలపవద్దని ఆయనే తర్వాత స్పష్టం చేయాల్సి వచ్చింది. సంగీత ప్రజ్ఞ ఉన్న పిల్లకు గుణింతాన్ని పాటగా, శారీరక ప్రజ్ఞ ఉన్నవాడికి గెంతులుగా నేర్పాలనడం ఆయన సిద్ధాంతంలో లేదు. గుణింతం పాడుకుంటే అందరికీ సరదాయే, పాడించండి. కానీ ‘కి’కీ ‘కీ’కీ తేడా తెలియాలంటే ఏ ప్రజ్ఞ గల పిల్లయినా ఆ రెండు గుర్తులను కళ్లతో చూసి, చెవితో విని, చేత్తో రాసి తీరాలి. చదవడం అనే పనికి కన్నూ చెవీ రెండూ కావాలి. అందులో ఒకదాన్ని ఎంచుకునే స్వేచ్ఛ ఏ పిల్లకూ లేదు.

వైగాట్‌స్కీ దగ్గర పునాది గట్టిది. డీఎడ్ పుస్తకాలు సమీప వికాస మండలం అని రాసే భావనను ఆయన ఒక ఉదాహరణతో వివరించాడు. పదేళ్ల పిల్లలు ఇద్దరు సొంతంగా చేయగలిగిన లెక్కలను బట్టి ఎనిమిదేళ్ల స్థాయిలో ఉన్నారు. పెద్దవాళ్లు కాస్త దారి చూపితే ఒకరు పన్నెండేళ్ల స్థాయి లెక్కలు చేయగలిగారు, రెండోవారు తొమ్మిదేళ్ల స్థాయి దగ్గర ఆగారు. పరీక్ష మార్కులు ఇద్దరికీ ఒకటే, బోధన మాత్రం ఒకటే కాకూడదు. ఈ భావనలో రెండు హద్దులున్నాయి. సొంతంగా చేసేసే పనిని మళ్లీ చేయిస్తే అది కాలక్షేపం, సాయం చేసినా అందని పని ఇస్తే అది కాపీ కొట్టడానికి దారి. మన బడుల్లో కాపీ రాత ఇంత ముచ్చటగా ఉండి చదువు అంత వెనకబడి ఉండటానికి ఒక కారణం ఇక్కడే దొరుకుతుంది: బోర్డు మీది పాఠం అందనంత ఎత్తులో ఉన్న పిల్లకు చేయగలిగిన పని దాన్ని దించుకోవడమే. 1976లో డేవిడ్ వుడ్, జెరోమ్ బ్రూనర్, గెయిల్ రాస్ ఈ సాయానికి పరంజా అని పేరు పెట్టారు. అవసరం ఉన్నంతసేపు ఉండి, తీరగానే తీసేయాల్సింది. తీసేయడం అనే సగాన్ని మన శిక్షణలు తరచూ మరిచిపోతాయి.

పియాజే దశలు భాషా తరగతికి ఇచ్చే సాయం కొద్దిపాటిదే. ఏడేళ్ల పిల్లలందరూ ఒకే దశలో ఉంటారనుకుంటే ఆ గదిలోని తేడా గురించి ఆయన చెప్పేది ఏమీ మిగలదు. బెంజమిన్ బ్లూమ్ చెప్పేది ఉంది. 1968లో ఆయన వాదన ఇది: పిల్లలందరికీ ఒకే సమయం ఇస్తే నేర్చినదానిలో తేడా వస్తుంది, నేర్చుకోవాల్సింది అందరికీ ఒకటే అనుకుంటే సమయంలో తేడా రావాలి. 1984లో ఒక్కో విద్యార్థికి ఒక్కో బోధకుడు ఉంటే సగటు విద్యార్థి మామూలు తరగతిలోని 98 శాతం మందిని మించుతాడని ఆయన ప్రకటించిన ఫలితాన్ని తర్వాతి పరిశోధనలు అంత ఎత్తున నిలబెట్టలేకపోయాయి. అంకె తగ్గినా వాదన తగ్గలేదు. పైమెట్టు ఎక్కాలంటే కిందిమెట్టు గట్టిగా ఉండాలన్నది లిపి నేర్పే తరగతిలో ఎవరూ కాదనలేని విషయం.

అయితే భాషా తరగతిలో మెట్టు అంటే ఏమిటో వైగాట్‌స్కీ, బ్లూమ్ చెప్పలేదు. అది చెప్పింది చదువు మీద జరిగిన మనోవిజ్ఞాన పరిశోధన. ఈ ప్రశ్నకు అన్నిటికంటే పనికొచ్చే సిద్ధాంతం శిక్షణ మాడ్యూళ్లలో అరుదుగా కనిపిస్తుంది. ఫిలిప్ గఫ్, విలియం టన్మర్ 1986లో చదవడాన్ని ఒక గుణకారంగా రాశారు: అక్షరాలను ధ్వనిగా మార్చుకోగల శక్తిని, విన్న భాషను అర్థం చేసుకోగల శక్తితో గుణిస్తే చదివి అర్థం చేసుకోవడం వస్తుంది. కూడిక అయితే ఒకటి తగ్గినా రెండోది ఆదుకుంటుంది. గుణకారం కాబట్టి ఏ ఒక్కటి సున్నా అయినా ఫలితం సున్నాయే. ఈ చిన్న సమీకరణం తెలుగు తరగతిని మూడు నాలుగు రకాల అవసరాలుగా విడదీసి చూపిస్తుంది. కథ చెబితే ఆసక్తిగా విని, ముగింపు ముందే ఊహించి, అదే కథ పుస్తకంలో ఇస్తే మొదటి వాక్యం దాటలేని పిల్ల ఉంది. గడగడా చదివేసి, ఏం చదివావని అడిగితే తెల్లమొహం వేసేవాడున్నాడు. తెలుగు లిపి రాసినట్టే పలుకుతుంది కాబట్టి అర్థం తెలియకుండా బిగ్గరగా చదివేయడం మన భాషలో ఇంగ్లిషులో కంటే సులువు, అందుకే ఈ రెండోవాడు టీచరు కళ్లకు బాగా చదివేవాడిలా కనిపించి తప్పించుకుంటాడు. రెండూ రానివాళ్లున్నారు, రెండూ వచ్చి విసుగెత్తి కూర్చున్నవాళ్లున్నారు. మొదటి పిల్లకు కావాల్సింది లిపి, రెండోవాడికి కావాల్సింది మాటలు, మాటల వెనకున్న లోకం. ఇద్దరినీ కలిపి వెనకబడినవారు అంటే ఇద్దరికీ తప్పు మందే అందుతుంది.

తెలుగు లిపిలో మెట్లు ఎన్నో చూస్తే ఈ విభజన ఇంకా లోతుకు వెళ్తుంది. వర్ణమాల పెద్దది, హల్లులకు అచ్చుల గుర్తులు చేర్చిన గుణింతాలే నాలుగు వందలు దాటుతాయి, ఆపైన ఒత్తులు. గుర్తులు కూడా అన్నిచోట్లా ఒకే తీరుగా ఉండవు. ‘కు’కు ఇచ్చిన కొమ్ము ‘పు’లో, ‘వు’లో అలా ఉండదు. య, ర, మ, త ఒత్తులు తమ మూలాక్షరాలను పోలవు. ‘స్త్రీ’లో చివర పలికే ఈకారం గుడిదీర్ఘంగా మొట్టమొదటి ‘స’ నెత్తిన కూర్చుంటుంది. పలికే క్రమమూ రాసే క్రమమూ విడిపోయే ఇలాంటి చోట్ల పిల్లలు ఒక్కొక్కరు ఒక్కోచోట చిక్కుకుంటారు. తెలుగుకు దగ్గరి చుట్టమైన కన్నడ లిపి మీద సోనాలి నాగ్ 2007లో ప్రచురించిన పరిశోధన, అక్షరాలు నేర్చుకోవడం మొదటి ఏడాదిలోనో రెండో ఏడాదిలోనో ముగిసే పని కాదని, పై తరగతుల దాకా సాగుతుందని చూపింది. ఇంగ్లిషు అక్షరాలు ఇరవయ్యారు చూసి తయారు చేసిన కాలపట్టికను మన లిపికి తగిలించడం అందుకే పొరపాటు. ఒత్తుల దగ్గర తడుముకునే పిల్ల మనసులో కొద్దిపాటి చోటంతా ఆ గుర్తులకే ఖర్చవుతుంది, వాక్యానికి అర్థం వెతకడానికి ఏమీ మిగలదు. జాన్ స్వెల్లర్ బృందం అభివృద్ధి చేసిన జ్ఞానభార సిద్ధాంతం దీన్నే ఇంకో అడుగు ముందుకు తీసుకెళ్లి, కొత్తగా నేర్చుకునేవారికి మేలు చేసే వివరమైన మార్గదర్శనమే ఇప్పటికే వచ్చినవారికి భారమవుతుందని చూపింది. ఒకే పాఠంలో ఒకరికి మేలు చేసేది మరొకరికి అడ్డు కావచ్చునన్న మాటకు శైలుల కంటే ఇది ఎంతో గట్టి ఆధారం.

దీన్ని నేరుగా పరీక్షించినవారు అమెరికా పరిశోధకురాలు కరోల్ కానర్. 2004లో ఆమె బృందం ఒకటో తరగతి పిల్లలను గమనించి, అక్షరజ్ఞానం తక్కువగా ఉన్నవారికి టీచరు దగ్గరుండి చెప్పే లిపి పాఠాలు ఎక్కువ లాభం ఇస్తాయని, పదసంపద బాగా ఉన్నవారు సొంతంగా పుస్తకాలు చదువుకునే సమయం వల్ల ఎక్కువ ముందుకు పోతారని కనుగొంది. 2007లో ఎవరికి ఏ రకం బోధన ఎంతసేపో లెక్కగట్టి టీచర్లకు ఇచ్చి చేసిన ప్రయోగమూ దీన్నే బలపరిచింది. అక్షరాలతో మొదలుపెట్టాలా, పదంతో కథతో మొదలుపెట్టాలా అని తెలుగు నాట దశాబ్దాలుగా నడుస్తున్న వాదానికి ఇది సమాధానం చెబుతుంది. ఇరుపక్షాలూ తమ మనసులో వేర్వేరు పిల్లలను పెట్టుకుని వాదిస్తున్నాయి.

రెండో ప్రశ్న ఇంటి భాషది. గుణకారంలో విని అర్థం చేసుకోవడం ఏ భాషలో అన్న మాట దాగి ఉంది. శ్రీకాకుళం, పార్వతీపురం కొండల్లోని సవర పిల్లకు, ఆదిలాబాద్ గోండు పిల్లకు, తండాలోని బంజారా పిల్లకు తెలుగు వాచకం సగం పరాయి. జిమ్ కమిన్స్ 1979 నుంచి వాదించింది, ఒక భాషలో గట్టిపడిన చదువు సామర్థ్యం రెండో భాషలోకి వెంట వస్తుందని, ఆటలో మాట్లాడే భాష ఒకటి రెండేళ్లలో వచ్చినా పాఠం భాష రావడానికి అంతకు ఎన్నో ఏళ్లు ఎక్కువ పడుతుందని. ఈ సిద్ధాంతం పుట్టకముందే పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి సవర నేర్చుకుని, సవర పిల్లలకు సవరలో వాచకాలు రాసి బడులు నడిపారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2004లో ఎనిమిది గిరిజన భాషల్లో మాతృభాషా ఆధారిత బహుభాషా విద్యను మొదలుపెట్టింది. ఆ పని తర్వాత ఎంత నీరసించిందన్నది వేరే వ్యాసానికి సరిపడే కథ. ఇక్కడ చెప్పాల్సింది, ఇంగ్లిషు మాధ్యమం వచ్చాక ఈ స్థితి కొండ మీది పిల్లలకే పరిమితం కాలేదని. మైదానంలోని తెలుగు పిల్ల ఇంగ్లిషు వాచకం ముందు సరిగ్గా ఆ సవర పిల్ల స్థానంలో కూర్చుంది. రెండు తెలుగు రాష్ట్రాలూ ఎదురెదురు పేజీల్లో రెండు భాషలతో పుస్తకాలు అచ్చువేయడం దీన్ని పరోక్షంగా ఒప్పుకోవడమే.

సిద్ధాంతం ఇంతవరకు. బడుల్లో ఏం జరిగింది? వడోదర, ముంబయిలలో 2001 తర్వాత ప్రథమ్ సంస్థ వెనకబడిన పిల్లలను రోజుకు రెండు గంటలు విడిగా కూర్చోబెట్టి స్థానిక యువతులతో చదివించింది. అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో తదితరులు కొలిచి చూస్తే మార్కులు స్పష్టంగా పెరిగాయి, అందులోనూ అట్టడుగున ఉన్నవారికే ఎక్కువ. కార్యక్రమం ఆగిన ఏడాదికి ఆ లాభం చాలావరకు కరిగిపోయింది, దాన్ని దాచకుండా చెప్పుకోవాలి. ఉత్తరప్రదేశ్‌లో బడిలోనే విడతలుగా పెట్టిన అభ్యసన శిబిరాలు పెద్ద ఫలితం ఇచ్చాయి. హర్యానాలో ప్రభుత్వ టీచర్లే రోజుకో గంట పిల్లలను తరగతి ప్రకారం కాకుండా చదువు స్థాయి ప్రకారం కూర్చోబెట్టినప్పుడు హిందీ చదువు మెరుగుపడింది. అదే సామగ్రి, శిక్షణ ఇచ్చి ఎప్పుడు వాడాలో టీచర్లకే వదిలేసిన బిహార్, ఉత్తరాఖండ్ బడుల్లో ఏమీ మారలేదు. సిద్ధాంతం మారలేదు, సామగ్రి మారలేదు, మారింది కాలపట్టికలో ఒక గంట. ఢిల్లీలో మురళీధరన్, సింగ్, గనిమియన్ జరిపిన అధ్యయనంలో ఒకే తరగతిలోని పిల్లల స్థాయిలు అయిదారు తరగతుల మేర పరుచుకుని ఉన్నాయి. ఒక్కొక్కరి స్థాయిని బట్టి పాఠం మార్చే కంప్యూటర్ కార్యక్రమం నాలుగున్నర నెలల్లోనే హిందీలో, అంతకంటే ఎక్కువగా లెక్కల్లో ముందుకు నడిపింది.

తెలుగు నేలమీద దీనికి ముందే ఒక నమూనా ఉంది. మదనపల్లె దగ్గర రిషివ్యాలీలో చుట్టుపక్కల పల్లెల చిన్న బడుల కోసం తయారైన బహుళ తరగతి బహుళ స్థాయి పద్ధతిలో తెలుగు వాచకం విడివిడి కార్డులుగా విడిపోయింది. నిచ్చెన లాంటి పటం మీద ప్రతి పిల్లా తాను ఏ గుర్తు దగ్గరున్నానో చూసుకుని ఆ కార్డు తీసుకుంటుంది. కొందరు టీచరు దగ్గర, కొందరు తోటివారితో, కొందరు ఒంటరిగా పని చేస్తారు. దీని ప్రేరణతో కర్ణాటకలో నలి కలి, తమిళనాడులో కృత్యాధార బోధన పుట్టాయి. పద్ధతిలో తెలివి ఉంది, లోటూ ఉంది: అందరూ ఎవరి కార్డులో వారు మునిగితే తరగతి అంతా కలిసి కథ వినే, వాదించుకునే సమయం తగ్గే ప్రమాదం ఉంది. గుణకారంలో రెండో సగం పెరిగేది ఆ సమయంలోనే.

ఇక అభ్యంతరాలు. అన్నిటికంటే బరువైనది ముద్ర పడటం గురించి. స్థాయి పేరుతో కూర్చోబెట్టిన వరుస కులం పేరుతో కూర్చోబెట్టిన వరుసగా మారదా? మారుతుంది, జాగ్రత్త లేకపోతే. 1970లో రే రిస్ట్ ప్రచురించిన అధ్యయనంలో అమెరికాలో ఒక కిండర్‌గార్టెన్ టీచరు బడి మొదలైన ఎనిమిదో రోజుకే పిల్లలను మూడు బల్లలకు పంచేసింది, ఏ పరీక్షా పెట్టకుండా, బట్టలనూ మాటతీరునూ కుటుంబ స్థితినీ చూసి. ఆ బల్లలు రెండో తరగతి దాకా వెంట వచ్చాయి. మన ఊళ్లలో ఆ బల్లలు ఏ వాడ పిల్లలవి అవుతాయో ఊహించడానికి పరిశోధన అక్కర్లేదు. కానీ ఇది తప్పుగా విభజించడం మీద అభ్యంతరం. రాబర్ట్ స్లావిన్ 1987 సమీక్ష ఈ గీతను సరిగా గీసింది: రోజంతా అన్ని విషయాలకూ పిల్లలను ప్రతిభ ప్రకారం వేరే సెక్షన్లుగా చేస్తే లాభం లేదు. చదవడం ఒక్కదానికే, తరగతుల గోడలు దాటి, పరీక్షించి, తరచూ మార్చుతూ గుంపులు చేస్తే లాభం ఉంది. మన కార్పొరేట్ బడుల టాపర్ల సెక్షన్ మొదటి రకం. కెన్యాలో తరగతిని స్థాయినిబట్టి రెండుగా విడదీసిన ప్రయోగంలో కింది సగమూ లాభపడిన మాట నిజమే, అయితే అక్కడ ప్రతి బడికీ అదనంగా ఒక టీచరు వచ్చింది.

నెదర్లాండ్స్ పరిశోధకులు 2018లో ప్రాథమిక బడుల అధ్యయనాలన్నీ కలిపి చూసినప్పుడు భిన్నస్థాయి బోధన ప్రభావం మొత్తంమీద చిన్నదే అని తేలింది. ఉత్త గుంపులు చేయడం వెనకబడినవారికి కాస్త హాని కూడా చేసింది. ఈ ఫలితాన్ని ఎదుటిపక్షం తమకు అనుకూలంగా చూపుతుంది. నిజానికి ఇది ఈ వాదనకే బలం. గుంపు చేసి అదే పాఠాన్ని నెమ్మదిగా చెబితే ఏమొస్తుంది? గుంపు తర్వాత చెప్పేది మారాలి, ఒత్తులు రానివారికి ఒత్తులు, మాటలు రానివారికి మాటలు.

ఇద్దరు టీచర్లతో అయిదు తరగతులు నడిపే బడికి ఇది మోయలేని భారమన్నది తర్వాతి అభ్యంతరం. విద్యాహక్కు చట్టం ప్రకారమే అరవై మంది వరకు పిల్లలున్న ప్రాథమిక బడికి ఇద్దరు టీచర్లు. ఆ బడిలో అయిదు తరగతులకు అయిదు వాచకాలు చెబుతున్నట్టు నటించడం కంటే ఒక గంట అందరినీ మూడు నాలుగు చదువు గుంపులుగా చేయడం తక్కువ భారం. గుణకార సూత్రం ఇక్కడా దారి చూపుతుంది: లిపి దగ్గర విడదీయాలి, వినడం, మాట్లాడటం దగ్గర కలపాలి. కథ చెప్పడానికి, పాట పాడటానికి, బొమ్మ చూసి మాట్లాడించడానికి స్థాయిలు అక్కర్లేదు, చదవలేని పిల్ల అక్కడ అందరికంటే బాగా మాట్లాడవచ్చు. సిలబస్ పూర్తికాదన్న భయం మాత్రం టీచర్లు తీర్చగలిగేది కాదు. పాఠం ఎంతవరకు వచ్చిందని అడిగే తనిఖీ అధికారి ముందు, పిల్లలు ఎంతవరకు వచ్చారన్నది రాసుకున్న టీచరు ఓడిపోతున్నంత కాలం ఏ సిద్ధాంతమూ పని చేయదు.

తెలంగాణలో తొలిమెట్టు కార్యక్రమం, ఆంధ్రప్రదేశ్‌లో ప్రథమ్ సాయంతో నడిచిన స్థాయికి తగ్గ బోధన సరైన దిక్కులో వేసిన అడుగులే. వాటిని నిలబెట్టాలంటే విద్యాశాఖలు మూడు పనులు చేయాలి. చదువు గంటను కాలపట్టికలో రాసి, ఆ గంటలో టీచర్లను ఆన్‌లైన్ నమోదులకు, సమావేశాలకు పిలవకుండా కాపాడాలి. గుంపులను కొన్ని వారాలకోసారి పరీక్షించి మార్చడం తప్పనిసరి చేయాలి. శిక్షణల్లో అభ్యసన శైలుల పాఠాన్ని తీసేసి, ఆ చోట తెలుగు లిపి మెట్ల పాఠం పెట్టాలి. మూడో తరగతి పిల్లలందరికీ చదవడం, రాయడం, లెక్కలు రావాలని కేంద్ర ప్రభుత్వ నిపుణ్ భారత్ కార్యక్రమం పెట్టుకున్న గడువు 2026-27. ఆ ఏడాది మూడో తరగతిలో ఉండాల్సిన పిల్లలు 2024 జూన్‌లోనే ఒకటో తరగతిలో చేరారు.